జీరో టికెట్

రిజల్టు పదకొండు గొట్టంగ అన్నరు.
పదకొండు గొట్టంగ నేను గుర్రంపోడు దాటిన.
డెబ్బై మంది, ఒక మేకపిల్ల,
ఇంజన్ మీద బత్తాయి తెంపవోయే నలుగురాడోళ్లు.
హాల్ టికెట్ నంబరు
చినిగిన టికెట్ వెనక రాసి సంచిల పెట్టుకున్న.
రాయకున్నా నోటికొస్తది,
రెండు నెలల సంది నిద్రల గూడ అవే అంకెలు.
ఫోన్ల సిగ్నల్ లేదు.

టికెట్, టికెట్ అనుకుంట వెనకదాక పోయిన.
ఆధార్ చూపెట్టమంటే
ఒకామె కొంగుముడి ఇప్పింది, ఒకామె నన్ను తిట్టింది.
మిషిన్ కిర్రుమన్నది,
జీరో, జీరో, జీరో.

కనగల్ కాడ సిగ్నలొచ్చింది.
ఆఖరి సీట్ల డిగ్రీ పోరడు నంబర్ కొట్టి చూసిండు.
చూసి ఫోను నాకియ్యలే.
"అక్కా, నల్గొండల దిగినంక చూస్కోరాదు" అన్నడు.
ర్యాంకు నాకప్పుడే తెల్సింది.
అంకె తర్వాత తెల్సింది,
లచ్చా పద్నాలుగు వేల ఆరువందల ఎనిమిది.

బస్సుల చెవులు శానుంటయి.
"మా ఆడిబిడ్డ కొడుక్కు తొమ్మిదొందలొచ్చె" అన్నది నీలం చీరామె.
కిటికీ కాడి ముసలామె మాత్రం
"లచ్చనా! బంగారమసొంటి బిడ్డనే" అని
నా చెయ్యి వట్టుకున్నది.
నేను దిద్దలే.
పొద్దటిసంది నాకు దొరికిన ఒక్క సంబురమది.

కోచింగుకు సొసైటీల లోను లేపిన, లచ్చా ఇరవై వేలు.
జీతంల కోత ఇంకా రెండేండ్లున్నది.
లెక్క జూస్తే ర్యాంకుకు రూపాయి మీద పడ్డది.

సుప్రజకు చేస్తే స్విచ్చాఫ్.
మిర్యాలగూడ మిల్లుల నుంచి లింగస్వామి చేసిండు, "ఎంతనే?"
"నెట్ లేదు" అన్న.
పక్కింటి బాలమణికి చేసిన:
"జర మా ఇంట్లకు వోయి ఉప్పడుగు, ఏదో ఒకటడుగు."
ఎందుకని అడగలే బాలమణి.
మొన్న ఇంటర్ రిజల్టు నాడు మా పై గల్లిల టెంటు ఏసిన్రు.
పెండ్లికి గాదు.

నల్గొండ బస్టాండుల చాయ్ చేతుల ఉండంగనే మళ్ల ఫోను.
"తాళం ఏసున్నది అండాలూ."

తిరుగు ట్రిప్పుల
ఎవరికి చిల్లరిచ్చిన్నో, ఎవరికి ఎగ్గొట్టిన్నో దేవునికెరుక.
యాదగిరి అద్దంలకెళ్లి రెండుసార్లు నన్ను చూసిండు,
ఏం అనలే.
గేరు మార్చి బండి గట్టిగ తోలిండు.
గుర్రంపోడుల ఇద్దరు చెయ్యెత్తితే ఆపలే.

కొండమల్లేపల్లి స్టాపుల నిలవడున్నది.
చేతుల టిఫిన్ డబ్బ.
కాళ్లకు ఒక చెప్పు తనది, ఒకటి నాది.
చూసి చూసి ఫోను చార్జింగ్ అయిపోయిందంట.
నా బస్సు కోసమని రెండు బస్సులు ఇడిసిపెట్టిందంట.

ఎక్కింది. నా ముంగట నిలవడ్డది.
ఈ గడియ కోసం ఎన్ని మాటలు కూడవెట్టుకున్ననో
నోట్లకెళ్లి వచ్చింది మాత్రం
"ఆధార్ చూపెట్టు."

నా మొకం చూసింది.
నవ్విందో ఏడ్చిందో బస్సు ఊపులకు తెల్వలే.
నిజంగనే కార్డు దీసింది.
చిన్నప్పటి ఫొటో,
రెండు జడలు, ముంగటి పన్ను లేదు.

మిషిన్ నొక్కిన.
రోజూ వందల సార్లు చింపిచ్చే కాయితం
ఇయ్యాల్నే చదివిన.
సున్నా కింద
ఎక్కిన ఊరుంటది, దిగే ఊరుంటది,
ఒకరు అని ఉంటది.

కూసోను జాగ లేకుండె. నా సీట్ల కూసోవెట్టిన.
నిలవడ్డోళ్లు గునిగిన్రు, గునుగనీ.
"అమ్మా, తిన్నవా?" అన్నది.
డబ్బ మూత నాకు రాలే, అదే తీసింది,
గోంగూర, మాడిన వాసన.

లింగస్వామి ఫోను మళ్ల మోగుతున్నది.
ఇద్దరం దాన్నే చూసుకుంట కూసున్నం,
దేవరకొండ గుట్ట కనవడెదాక.

డిపోల లెక్కగడితే
ఏడు రూపాయలు షార్టొచ్చింది.
నా పైసలు ఏసిన.